డ్రెస్సర్ బాబు కుడి చెవి

ఆయన తిట్టని వస్తువు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో లేదు. మనిషిని తిట్టగా మాత్రం నేను వినలేదు. విన్నామన్న వాళ్ళు కూడా నాకు తగల్లేదు.

నిరుడు వానలు వెనకబట్టే రోజుల్లో అమ్మ ఫోన్ చేసి ఆయన పోయారని చెప్పింది. ఆ సమయానికి నేను రాయ్‌పూర్‌లో, మా కాలేజీ ల్యాబ్‌లో, ఒక అమ్మాయికి సీసా మీద రాసి ఉన్నది నమ్మొద్దని పాఠం చెబుతున్నాను. ఫోన్ పెట్టేసి మళ్ళీ ఆ పాఠం దగ్గరికే వచ్చాను. సగంలో గుర్తొచ్చింది, ఈ పాఠం నాకు చెప్పింది ఆయనే. ఇంక ఆ రోజు క్లాసు సాగలేదు.

రైల్వే ఆస్పత్రిలో ఆయన డ్రెస్సరు. అంటే పుళ్ళు కడిగి, మందు రాసి, కట్టు కట్టే ఉద్యోగం. ఊరందరికీ డ్రెస్సర్ బాబు. మా నాన్నకి అన్నయ్య వరస కలిపినా, నాకెందుకో చిన్నప్పటి నుంచీ మావయ్యే. షెడ్‌లో వేలు నలిగినవాడూ, పట్టాల మీద బోర్లా పడినవాడూ, కత్తిపీట మీద చెయ్యి వేసినావిడా అందరూ ఆయన బల్ల ముందుకే వచ్చేవారు. డాక్టర్లయితే ఎలా తగిలిందని అడుగుతారు. ఆయన అలా అడిగేవారు కాదు. "ఏటి తగిలినాది?" అనేవారు. సుత్తి అంటే సుత్తిని, తలుపు అంటే తలుపుని పట్టుకుని ఉతికి ఆరేసేవారు. వచ్చినవాడు తాగి ఉన్నాడా, పక్కవాడితో కబుర్లాడుతూ చూసుకోలేదా అన్న విచారణ ఆ బల్ల దగ్గర లేదు. తప్పెప్పుడూ సుత్తిదే.

చంటిపిల్లలు పడితే మన తల్లులు నేలని ఒక్కటిచ్చి "కొట్టేశాను, ఇంక ఏడవకు" అంటారు చూడండి, ఆయన ఆ వైద్యాన్ని మీసాలు మెలేసిన గ్యాంగ్‌మన్లకి చేసేవారు. విచిత్రం ఏమిటంటే అది వాళ్ళకీ పని చేసేది.

ఒకసారి ఒక ఫిట్టరు బొటనవేలు చితక్కొట్టుకుని వచ్చాడట. మర్నాడు కట్టు మార్చుకోవడానికి వస్తూ ఆ సుత్తిని కూడా తీసుకురమ్మన్నారు ఈయన. వాడు సిగ్గుపడుతూనే సంచిలో వేసుకుని తెచ్చాడు. బల్ల మీద సుత్తిని పడుకోబెట్టి, వేలెత్తి చూపించి, "క్యా రే హథౌడా, అకల్ నహీ హై? బాల్‌బచ్చేవాలే కా హాథ్ హై, దేఖా నహీ?" అని, పిల్లలుగలవాడి చెయ్యని కూడా చూడలేదని వాయించేశారు. ఎంత వాయించారంటే, చివరికి ఆ ఫిట్టరే "జానే దో బాబూ, పాత సుత్తి, పాపం మంచిదే" అని దాని తరఫున బతిమాలుకున్నాడు. ఈ కథ ఆయన చెప్పలేదు, ఆ ఫిట్టరే ఊరంతా చెప్పుకున్నాడు.

ఆయనకి తిట్లలో ఒక పద్ధతి ఉండేది. మూడో తరగతిలో రైల్వే స్కూలు బెంచీ మేకు నా మోకాలు చీరేస్తే నాన్న ఎత్తుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ లేని బెంచీని ఆయన హిందీలో తిట్టారు. నాకు ఏడుపు ఆగిపోయి అనుమానం వచ్చింది.

"మావయ్యా, హిందీలో ఎందుకు తిడుతున్నావు?"

"రైల్వే సామానుకి తెలుగు రాదే గుంటా. ఇంటి సామానయితే తెలుగులోనే సెప్తాను" అన్నారు, చాలా మామూలుగా.

తరవాత ఎన్నోసార్లు గమనించాను. సైకిలుకి పంక్చరైతే తెలుగు, ప్లాట్‌ఫారం మెట్టు తట్టుకుంటే హిందీ. గోల్ బజార్‌లో కొనుక్కున్న కుర్చీకి, ఇంకా డబ్బులిచ్చి ఇంటికి తెచ్చుకోకముందు హిందీ, తెచ్చాక తెలుగు. ఒక్కరోజు కూడా తడబడలేదు.

ఇక ఆయన మందు హైడ్రోజన్ పెరాక్సైడ్. పుండు మీద పొయ్యగానే తెల్లగా నురగ లేచేది. నా మోకాలి మీదా లేచింది. "సూడు, సూడు, మందు పని సేస్తన్నాది" అని తన పనే కానట్టు తొంగి తొంగి చూశారు. నేనూ చూశాను. మంట సంగతి మర్చిపోయాను. తరవాతి రోజుల్లో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, పుళ్ళకి ఇప్పుడు ఆ మందు వాడకూడదు, మంచి కండకి కూడా చెరుపు అని చెబితే ఆయన వెంటనే మానేశారు. ఎదురు చెప్పలేదు. కాకపోతే మా నాన్నతో అన్నారు, "అమ్మగారు సెప్పింది నిజమే గావాల. పుండుకి ఉప్పునీళ్ళు సాలు. పుండున్నోడికి ఏటో ఒకటి జరుగుతున్నట్టు కనబడాల కదా మరి" అని.

ఆ మందుకి ఒక జబ్బుంది. నిలవుంటే బలం పోతుంది. సీసా నిండుగానే ఉంటుంది, రంగు మారదు, వాసన రాదు, లోపల మాత్రం మెల్లగా ఉత్త నీళ్ళు మిగులుతాయి. అందుకని ఆయన డ్యూటీ ఎక్కగానే సీసాని పరీక్ష చేసేవారు. స్టీలు గిన్నెలో ఒక బంగాళాదుంప ముక్క, దాని మీద నాలుగు చుక్కలు. మందు బతికుంటే దుంప మీద బుసబుసా పొంగుతుంది. అక్కడితో ఆపితే ఆయన డ్రెస్సర్ బాబు ఎందుకవుతారు? గిన్నెని పైకెత్తి కుడి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేవారు. వరండాలో వరసగా కూర్చున్న దెబ్బలవాళ్ళందరూ మూలగడం మానేసి ఊపిరి బిగబట్టేవారు. కాసేపటికి "అచ్ఛా" అనేవారు. పొట్టి అచ్ఛా అయితే మందు బాగుంది. సాగదీసిన అచ్ఛా అయితే ఈ వారం గడుస్తుంది. నిట్టూర్పుతో వస్తే సీసా కాలవలోకి.

ఆయన ఇల్లున్న తార్‌బహార్ బస్తీలో ఆ చెవికి పెద్ద పేరు. పాలు విరుగుతాయో లేదో వినమని గిన్నెలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళున్నారు. ఆయన కాదనలేదు, విన్నారు. అంత గొప్ప చెవి ఉండి కూడా, రోడ్డు మీద కుడి పక్క నుంచి పిలిస్తే పలికేవారు కాదు. లారీ హారన్ కొట్టినా తిరిగి చూడకుండా సైకిల్ తొక్కుకుంటూ పోయేవారు. పెద్దమనిషి గర్వం కాబోలు అనుకునేవాళ్ళం.

నేను ఎమ్మెస్సీ అయ్యాక ఊళ్ళోనే యూనివర్సిటీలో రీసెర్చిలో చేరాను. దేని మీద అని అడిగితే హైడ్రోజన్ పెరాక్సైడ్ అన్నాను. ఆయన మొహం చూడాలి. తన మేనల్లుడికి కలెక్టరు ఉద్యోగం వచ్చినంత సంబరం.

"మన మందే! మన మందుకి పీహెచ్‌డీయా! ఏటి కనిపెడతావే దాన్లో?"

చెప్పాను. పెన్సిలంత పుల్ల ఒకటి. దాని కొసన మినపగింజంత నల్లటి అద్దంలాంటి బొగ్గు. ఆ అద్దం మీద కంటికి కనబడనంత సన్నటి వెండి రేణువులు పరుస్తాను. పుల్లని నీళ్ళలో ముంచి కాస్త కరెంటు తగిలిస్తే, ఆ నీళ్ళలో ఉన్న పెరాక్సైడ్‌ని వెండి విరగ్గొడుతుంది, విరిగినప్పుడల్లా పిసరంత కరెంటు పారుతుంది. ఆ కరెంటు ఎంతో కొలిస్తే మందు ఎంతుందో తెలిసిపోతుంది. పాలు విరక్కుండా ఎవరైనా పెరాక్సైడ్ కలిపినా ఈ పుల్ల పట్టేస్తుంది.

"పాల క్యానుకి బుద్ధి నేదు, కలుపుతుంటే ఊరుకుందేటి" అన్నారు ముందుగా. తరవాత వెండి సంగతి పట్టుకున్నారు. "ఎంత సన్నం?"

"వెంట్రుక మందంలో వేల రేణువులు పడతాయి మావయ్యా."

"గోల్ బజార్ సేఠ్ దగ్గర అంత చిన్న తూకంరాళ్ళు నేవే! నిన్ను మోసం సేసీసి ఉంటాడు."

కొన్నది కాదు, నేనే చేస్తానని చెప్పి, చిన్న సీసాలో వెండి రేణువులు కలిపిన నీళ్ళు చూపించాను. పసుపు కలిపినట్టున్నాయి. ఎండలో అటూ ఇటూ తిప్పి చూశారు. వెండి పచ్చగా ఉండటం ఆయనకి నచ్చలేదు. చిన్నవైతే అలా కనిపిస్తాయన్నాను. "అచ్ఛా" అన్నారు, సాగదీసి. అంటే ఈ వారానికి నమ్ముతానని.

అప్పటి నుంచి నెలకి రెండు శనివారాలు మా ల్యాబ్‌కి వచ్చేవారు. సైకిల్ హ్యాండిల్‌కి అత్తయ్య చేసిన గారెల డబ్బా, జేబులో ఒక బంగాళాదుంప, ఒక చిన్న చాకు. రిటైరై ఎన్నో ఏళ్ళయినా, వచ్చేటప్పుడు ఇస్త్రీ చేసిన తెల్లకోటు వేసుకునేవారు. ల్యాబ్ అంటే ఆస్పత్రికి చుట్టమే కదా అని. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి సెల్యూట్ కొట్టేవాడు. ఒకరోజు మా ల్యాబ్ అటెండర్ ఆయన్ని వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ అనుకుని, హెడ్డు గారి గదిలో కూర్చోబెట్టి టీ, జీడిపప్పు బిస్కట్లు పెట్టేశాడు. ఈయన తిన్నారు. తిని, వచ్చిపోయే కుర్రాళ్ళని "చదువు ఎలా ఉందయ్యా?" అని కూడా అడిగారు. నేను వెళ్ళి పట్టుకునేసరికి ఇద్దరు తమ కష్టాలు చెప్పుకుని తేలికపడి వెళ్ళిపోయారు.

మూడో ఏడు ఎండాకాలంలో నా పని బురదలో దిగబడింది.

నేను చెయ్యాల్సింది చెప్పడానికి చాలా సులువు. ఇంత మందు వేస్తే ఇంత కరెంటు అని లెక్క కుదరాలి. ఒక్కో చుక్క వేసినప్పుడల్లా కంప్యూటర్ తెర మీద గీత ఒక్కో మెట్టు దిగుతుంది. మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఈ వారం వచ్చిన మెట్టే వచ్చే వారమూ రావాలి. మార్చిలో నా మెట్లు దర్జాగా ఉండేవి. ఏప్రిల్‌లో కుంచించుకుపోయాయి. మే వచ్చేసరికి తెర మీద గీత దిగుతోందో లేదో కళ్ళజోడు పెట్టుకుని వెతుక్కోవలసి వచ్చింది. తప్పు వెండిదే అనుకున్నాను. వెండిని గింజలుగా చేశాను, తీగలుగా చేశాను, ముళ్ళుముళ్ళుగా పెంచాను. అద్దాన్ని పొడితో రుద్ది రుద్ది నా వేళ్ళ ముద్రలు అరిగిపోయాయి. ఒక్కో కొత్త పుల్లా పాతదానికన్నా మొండికేసింది.

మా గైడు మంచివారే. కాకపోతే ఆయన తప్పుని మనిషిలో వెతికే రకం. "నీ చేతిలో నిలకడ లేదు" అన్నారు. ఈ నెలాఖరులోగా మూడుసార్లు వరసగా ఒకే లెక్క రాకపోతే వెండి వదిలెయ్, వేరే టాపిక్ ఇస్తాను అన్నారు. వేరే టాపిక్ అంటే మూడేళ్ళ పని గంగపాలు, మళ్ళీ ఓనమాల నుంచి. మా ఇంట్లో ఇంకొక మూడేళ్ళు ఆగే ఓపిక లేదు. నాన్న అప్పటికే బ్యాంకు పరీక్ష ఫారం తెచ్చి టీవీ మీద పెట్టాడు. రోజూ దాని మీద దుమ్ము తుడిచేవాడు.

అలాంటి ఒక శనివారం మధ్యాహ్నం డ్రెస్సర్ బాబు గారెల డబ్బాతో వచ్చారు. ల్యాబ్‌లో ఎవరూ లేరు. నేను తెర వైపు తిరిగి కూర్చుని ఉన్నాను.

"ఏటే గుంటా, కళ్ళు ఎర్రగా ఉన్నాయి?"

"అద్దం రుద్దే పొడి కళ్ళలో పడింది మావయ్యా."

"అచ్ఛా" అని పొడి డబ్బాని "షరమ్ నహీ ఆతీ?" అని ఒకటి అంటించారు. యూనివర్సిటీ సామాను కాబట్టి హిందీ. అయినా నా కళ్ళు ఆగలేదు. అప్పుడు స్టూల్ లాక్కుని, నాకు ఎడమవైపు కాకుండా చుట్టూ తిరిగి వచ్చి కుడివైపు వేసుకుని కూర్చున్నారు. "ఏటి తగిలినాదో సెప్పు" అన్నారు.

అంతా చెప్పాను. వెండి, మెట్లు, నెలాఖరు, టీవీ మీది ఫారం. నా చేతిలో నిలకడ లేదట అని కూడా చెప్పాను. ఆయన నా చేతులు రెండూ తిప్పి చూశారు, కట్టు కట్టబోయే ముందు చూసేవారే అలాగ. తరవాత బల్ల మీద ఉన్నవన్నీ ఒకటొకటిగా చూశారు. మిషను, వైర్లు, పుల్ల, బీకర్లు. చివరికి పెరాక్సైడ్ సీసా దగ్గర ఆగారు.

"దీన్ని అడిగినావేటి?"

"మార్చిలో విప్పిన సీసానే మావయ్యా. మీద రాసి ఉంది కదా, ముప్పై శాతమని."

"రాసినోడు ఎండలో దీని పక్కన కూకున్నాడేటి?" అన్నారు.

అసలు సీసాలోది చాలా ఘాటు మందు, ముట్టుకోనివ్వలేదు. పలచన చేసి పెట్టుకున్నది కాస్త ఇచ్చాను. జేబులోంచి దుంప తీసి, ముక్క కోసి, గారెల డబ్బా మూతలో వేసి, నాలుగు చుక్కలు పోశారు. వంగి ఒకసారి చూశారు. మూత ఎత్తి కుడి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నారు. నేను చిన్నప్పటి వరండాలో కూర్చున్న దెబ్బలదాన్నయిపోయి ఊపిరి బిగబట్టాను.

నిట్టూర్పుతో వచ్చింది అచ్ఛా. "సచ్చిపోనాది" అన్నారు.

"పలచన చేసింది కదా మావయ్యా, చప్పుడు ఎలా వస్తుంది?"

"పలచన సేస్తే గొంతు తగ్గుతాది గానీ మూగదైపోదు కదే."

ఇంక ఆయన లేచి నిలబడి, తెల్లకోటు గుండీలు సరిచేసుకుని, సీసా మీదికి వేలెత్తారు. "క్యా రే బోతల్! మేరీ బిటియా కో రులాతా హై? లోపల నీళ్ళు పెట్టుకుని పైన ముప్పై అని బిళ్ళ తగిలించుకుంటావా?" నా బిడ్డని ఏడిపిస్తావా అన్నంతవరకు హిందీయే, ఆవేశంలో ఆ తరవాతి వాక్యం తెలుగులోకి జారింది. ఆయన నియమం తప్పడం నేను చూసింది అదొక్కసారే. నాకు నవ్వొచ్చేసింది. ఇద్దరం గారెలు తిన్నాం.

ఆయన వెళ్ళాక పర్మాంగనేట్ తీశాను. గులాబీరంగు నీళ్ళు చుక్కలుచుక్కలుగా వేసి సీసాలో అసలెంత మందుందో లెక్కగట్టే పని అది. డిగ్రీ మొదటి ఏడాదిలో నేర్పుతారు. మూడేళ్ళుగా కోటాను కోట్ల వెండి రేణువులతో కుస్తీ పడుతున్నదాన్ని, ఆ పని చెయ్యాలని ఒక్కసారైనా తోచలేదు. చేస్తే తేలింది. ముప్పై అని రాసి ఉన్న సీసాలో సగం కూడా లేదు.

నా వెండి బాగానే ఉంది. నా చెయ్యీ బాగానే ఉంది. ప్రతివారం కాస్త తక్కువ మందు వేస్తూ, కరెంటు తగ్గిందేమిటని వెండిని కొరడాతో కొడుతున్నాను. కొత్త సీసా తెప్పించి, ముందు దాని బలం కొలిచి, అప్పుడు పుల్ల ముంచాను. మెట్లు కవాతు చేసినట్టు దిగాయి. నెలాఖరుకి నాలుగు రోజుల ముందు మూడోసారి కూడా అదే లెక్క వచ్చింది. గైడు గీతకి స్కేలు ఆనించి చూసి "సరే" అన్నారు. మర్నాడు ఇంట్లో చూస్తే బ్యాంకు ఫారం మీద అమ్మ అప్పడాలు ఆరబెట్టింది. నాన్న వచ్చి వాటిని రెండో వైపు తిప్పాడు.

ఇక్కడ నేను ఒక నిజం ఒప్పుకోవాలి. సీసా ఎందుకు చచ్చిందో తరవాత తెలిసింది. ఎండ ఒక్కటే కాదు. మందు తీసుకోవడానికి నేను పిపెట్‌ని నేరుగా ఆ సీసాలోనే ముంచేదాన్ని. దాని కొసకి నా వెండి అంటుకుని ఉండేది. పుల్ల మీద కూర్చుని చేయమని నేను బతిమాలుకుంటున్న పనిని, ఆ వెండి సీసాలో కూర్చుని రాత్రీ పగలూ హాయిగా చేసేసింది. అంటే నా వెండి అంత మంచిది. నేనే అంత తెలివితక్కువదాన్ని. ఇది మనసులో పెట్టుకోలేక తార్‌బహార్ వెళ్ళి, వీధి అరుగు మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న ఆయనకి చెప్పేశాను.

"మావయ్యా, తప్పు సీసాది కాదు. నాదే."

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించారు. "సీసాకి సెప్పకు" అన్నారు. "నెత్తికెక్కుతాది."

థీసిస్ అచ్చయ్యాక మొదటి పేజీల్లో అందరికీ కృతజ్ఞతలు రాస్తాం కదా, గైడుకీ అమ్మానాన్నలకీ రాశాక, ఒక రిటైర్డ్ రైల్వే డ్రెస్సర్ గారి కుడి చెవికి కూడా రాశాను. తీసుకెళ్ళి ఆ ముక్క తెలుగులో చదివి వినిపించాను. "ఏ చెవి?" అని అడిగారు. కుడి చెవి అన్నాను. ఇంక నవ్వు మొదలుపెట్టారు. పొలమారి, దగ్గొచ్చి, అత్తయ్య మంచినీళ్ళు తెచ్చేదాకా నవ్వారు. "రెండూ రాసీవలిసింది కదే, రెండోది అలుగుతాది" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. ఆ మాటకి అంత నవ్వు ఎందుకో నాకు అర్థం కాలేదు. ముసలివాళ్ళు పొగడ్తకి అలాగే సిగ్గుపడతారులే అనుకున్నాను.

ఆయన పోయిన నెలరోజులకి, కర్మలన్నీ అయ్యాక, ఒక ఆదివారం తార్‌బహార్ వెళ్ళాను. అత్తయ్య టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. గోడ దగ్గర సైకిల్ ఉంది. మేకుకి తెల్లకోటు ఉంది, ఇస్త్రీ చేసే ఉంది. ఏం మాట్లాడాలో తెలియక, నాకు బాగా తెలిసిన దాన్నే ఎత్తుకున్నాను.

"ఆ చెవి ఇంకెవరికీ రాదు అత్తయ్యా."

"ఏ చెవే?"

"కుడి చెవి. మందు చప్పుడు వినేవారు కదా."

అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"ఓసి పిచ్చిదానా! ఆ చెవి నువ్వు పుట్టకముందే పోనాది. మంచు రోజుల్లో పట్టాల మీద పటాకా పెడతారు చూడు, డ్రైవర్లకి తెలియాలని, అది పక్కనే పేలీసినాది. నెల్లాళ్ళు దాన్ని హిందీలో తిట్టేరు. చెవి మాత్రం రానేదు."

"మరి దుంప ముక్క... గిన్నె..."

"నురగ కంటికి కనబడతాది కదే. ముందే సూసీసేవోరు. చెవి దగ్గర ఎట్టుకోవడం జనాల కోసం. అలాగైతే నొప్పి మర్చిపోయి ఆయన్నే సూస్తారంట."

నాకు ల్యాబ్ గుర్తొచ్చింది. ఆ రోజు నేనిచ్చింది నీళ్ళలాంటి మందు. దాని నురగ కంటికి ఆనదు. చెవి సరే, చెవే లేదు.

"అయితే అత్తయ్యా, నా సీసా చచ్చిపోయిందని ఆయనకి ఎలా తెలిసింది?"

"ఆయనకేటి తెలుసు?" అంది అత్తయ్య. "ఆ రోజు ఇంటికొచ్చి కోటు ఇప్పుతూ సెప్పేరు నాతోటి. 'ఆ మిషన్లు, ఆ వెండి, నాకేటి అర్థమవుతాదే. పిల్ల చేతుల్లోనే తప్పుందని అనీసేరంట. ఏడుస్తన్నాది. ఆ చేతులు చిన్నప్పటి నుంచి నేను సూడనేదేటి? తప్పు దేనిమీదో ఒకదాని మీద పెట్టాల కదా, సీసా మీద పెట్టీసి వచ్చేసినాను' అన్నారు. నువ్వు నాలుగు రోజులకి ఫోన్ చేసి సీసాయే తప్పని తేలిందంటే, అన్నం ముందు కూర్చుని ఎంతసేపు నవ్వుకున్నారో! 'నిజంగానే సచ్చిపోయి ఉన్నాదంటే, సీతాలూ' అని."

నా థీసిస్ మొదటి పేజీ, నా ఉద్యోగం, రోజూ నేను పిల్లలకి చెప్పే పాఠం, అన్నీ ఆ మాట మీదే నిలబడి ఉన్నాయి. ఆయన నా సీసాని వినలేదు. నన్ను విన్నారు. వినబడే ఎడమ చెవి నా వైపు ఉండేలా స్టూల్ వేసుకుని మరీ విన్నారు. ఇది తెలిసేసరికి ఆయన లేరు. నాకు ఏడుపొచ్చింది. ఈసారి కళ్ళలో పడటానికి పొడి కూడా లేదు.

అత్తయ్య నా మొహం చూసింది. చుట్టూ చూసింది. అందుబాటులో ఉన్నది నా చేతిలో టీ గ్లాసే. అది లాక్కుని కింద పెట్టి, దాని మీద ఒక్కటిచ్చింది.

"ఏటే టీ, బుద్ధుందేటి నీకు? ఇంత వేడిగా ఉంటే పిల్ల కళ్ళంట నీళ్ళు రావేటి?"

టీ ఎప్పుడో చల్లారిపోయింది.